మచ్చలేని పూవు, మితిలేని మందు: కోతపూల సాగులో కీటక నివారణ

విశాఖపట్నం: వరి దుబ్బు మొదట్లో నాలుగైదు దోమలు కనిపించినంత మాత్రాన రైతు స్ప్రేయరు భుజాన వేసుకోవలసిన అవసరం లేదు. ఆ సంఖ్య వల్ల దిగుబడి తగ్గదని, పురుగు చేసే నష్టం మందు ఖర్చును మించే దశలోనే పిచికారీ చేయాలని వ్యవసాయ విస్తరణ సిబ్బంది ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. కాడతో సహా కోసి గుత్తులుగా అమ్మే గులాబీ, జెర్బెరా, కార్నేషన్, గ్లాడియోలస్, చామంతి వంటి కోతపూల వద్దకు వచ్చేసరికి ఈ లెక్క తారుమారవుతుంది. ఇక్కడ అమ్మేది బరువును కాదు, రూపాన్ని. రేకు అంచున గోధుమ రంగు గీత ఒక్కటి కనిపించినా ఆ కాడ మొదటి రకం నుంచి జారిపోతుంది. అందువల్ల పురుగు కనిపించక ముందే, వారానికి ఒకసారి, క్యాలెండరు చూసి మందు కొట్టే అలవాటు పూల తోటలలో పాతుకుపోయింది.

పూవు ఆహారం కాదు కనుక దానిపై మిగిలే పురుగుమందుకు గరిష్ఠ పరిమితి అంటూ ఏదీ లేదు. కూరగాయలకు, ధాన్యానికి, పాలకు ఉన్న అవశేష పరిమితులు గులాబీ గుత్తికి వర్తించవు. పైనుంచి మచ్చ ఉండకూడదన్న ఒత్తిడి, కింద ఎక్కడా ఆపే నియమం లేకపోవడం, ఈ రెండూ కలిసిన చోట మందు వాడకం హద్దు దాటడంలో ఆశ్చర్యం లేదు. హద్దు దాటిన మందు పురుగును అదుపు చేయకపోగా దానిని మరింత మొండిగా మార్చుతున్నది. తోటలో పూలు కోసేవారి ఆరోగ్యానికి కూడా ముప్పు తెస్తున్నది.

విశాఖ మార్కెట్టు, మన్యం వాతావరణం

విశాఖపట్నం ప్రధానంగా పూలను వాడే నగరమే గాని పండించే నగరం కాదు. ఉక్కునగరంలోని సభావేదికకైనా, బీచ్ రోడ్డులోని హోటళ్లకైనా, పూర్ణా మార్కెట్టు దుకాణాలకైనా పూలు అధికంగా బయటి నుంచే రావాలి. విడిపూలు గోదావరి తీరాన జాతీయ రహదారి పక్కన ఉన్న కడియపులంక మార్కెట్టు వైపు నుంచి, పొడవాటి కాడల గులాబీలు, జెర్బెరాలు బెంగళూరు వైపు నుంచి చేరుతుంటాయి. తీరప్రాంతపు వేడి, ఉప్పుగాలి, ఉక్కపోత ఈ కోతపూలకు అనుకూలం కావు. సింహాచలం సంపెంగ వంటి విడిపూల సంగతి వేరు.

అయితే నగరం నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న మన్యం పూర్తిగా వేరైన వాతావరణం గలది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, చలికి పేరుపొందిన లంబసింగి, చింతపల్లి ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ నాటి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమయ్యాయి. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో గ్లాడియోలస్ వంటి కోతపూలపై ప్రయోగాలు జరిగాయి. చల్లని రాత్రులు, దగ్గరలోనే పెద్ద మార్కెట్టు ఉన్నందున మన్యంలో పూల సాగును ప్రోత్సహించాలనే ఆలోచన తరచూ ముందుకు వస్తున్నది. కాఫీకి, తేనెకు, సహజ సాగుకు పేరుగాంచిన ఆ కొండలపైకి పాలీహౌస్‌తో పాటు వారం వారం పిచికారీ అలవాటు కూడా ఎక్కుతుందా అన్నది ఇప్పుడే ఆలోచించవలసిన విషయం.

ఏ పురుగు, ఎక్కడ దాగి ఉంటుంది

మందు విఫలమైన తోటలలో అధిక శాతం సందర్భాలలో తప్పు మందుది కాదు. పురుగును పోల్చుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది.

కోతపూలకు ప్రధాన శత్రువు తామర పురుగు. మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించని ఈ పురుగు మొగ్గ విచ్చుకోక ముందే రేకుల మడతలలోకి దూరి, కణాలను గీరి రసం పీల్చుతుంది. మొగ్గ విచ్చేనాటికి రేకులపై వెండి రంగు చారలు, అంచులలో మాడు కనిపిస్తాయి. అప్పుడు మందు కొట్టినా ఆ పూవు బాగుపడదు. పైగా ఇది గుడ్లను ఆకు, రేకు కణజాలం లోపల పెడుతుంది, కోశస్థ దశను అధికంగా నేలలో గడుపుతుంది. అంటే ఏ రోజున పిచికారీ చేసినా ఆ సంతతిలో ఒక భాగం కణజాలంలోను, ఒక భాగం మట్టిలోను, ఒక భాగం మొగ్గ మడతలలోను క్షేమంగా ఉంటుంది. ఒక్క పిచికారీతో తామర పురుగు పోయిందని చెప్పే ప్రకటనను నమ్మవలసిన పని లేదు. వేడి నెలల్లో దీని జీవితచక్రం రెండు వారాల్లో ముగుస్తుంది కనుక, అయిదు నుంచి ఏడు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు వరుసగా మందు వాడి, తరువాత ఆపి గమనించడం శాస్త్రీయ పద్ధతి. ఏడాది పొడవునా వారానికొకసారి కొట్టడం ఈ పద్ధతి కిందికి రాదు.

రెండవది ఎర్ర నల్లి. ఇది కీటకం కాదు, ఎనిమిది కాళ్లు గల సాలీడు వర్గపు జీవి. ఈ తేడా తోటలో చాలా ఖరీదైనది. కీటకాల కోసం తయారైన అనేక మందులు నల్లిపై పనిచేయవు, కాని నల్లిని తిని బతికే మిత్ర నల్లులను, అక్షింతల పురుగులను చంపివేస్తాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టిన గులాబీ తోటలో పది రోజులకే ఆకులు తుప్పు పట్టినట్లు మారి, అడుగున సన్నని గూడు అల్లుకోవడం రైతులకు సుపరిచితమైన దృశ్యం. ఇమిడాక్లోప్రిడ్ వాడిన తరువాత కూడా కొన్ని పంటలలో నల్లి ఉద్ధృతి పెరిగినట్లు పరిశోధనలు తెలియజేశాయి. ఇదంతా తెలియని రైతు నల్లిని చూసి మళ్లీ అదే మందును, ఈసారి మోతాదు పెంచి, కొడతాడు.

నల్లిని గుర్తించడానికి ప్రయోగశాల అక్కరలేదు. అనుమానం కలిగిన ఆకును తెల్ల కాగితంపై తట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే కదిలే చుక్కలు కనిపిస్తాయి. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి పది రోజుల లోపే సరిపోతుంది కనుక ఈ పరీక్ష వేసవిలో వారానికి రెండుసార్లు జరగాలి.

జెర్బెరా, చామంతి ఆకులపై తెల్లని వంకర గీతలు గీసే ఆకుతొలుచు పురుగు కథలో మన రాష్ట్రాలకు కూడా చోటుంది. అమెరికా ఖండానికి చెందిన ఈ చిన్న ఈగ, పూల వ్యాపారంతో పాటే లోకమంతా తిరిగింది. ఫ్లోరిడా నుంచి పంపిన చామంతి కొమ్మ ముక్కలతో 1976లో కెన్యాకు చేరి అక్కడి పూల పరిశ్రమను దెబ్బతీసింది. భారతదేశంలో 1990ల తొలినాళ్లలో హైదరాబాదు ప్రాంతంలో ఆముదం పంటపై దీనిని గుర్తించారు. నేడు ఇది టమాట, బీర, దోస మొదలుకొని పూల మొక్కల వరకు అనేక పంటలపై కనిపిస్తున్నది. పురుగు ఆకు పొరల మధ్య ఉంటుంది కనుక పైపైన తాకే మందులు దానిని చేరవు. చేరేది దాని సహజ శత్రువులైన చిన్న కందిరీగలనే. ప్రపంచంలో అనేక చోట్ల ఆకుతొలుచు పురుగు విజృంభణకు మూలం ఆ కందిరీగలు మందులతో చనిపోవడమేనని తేలింది.

పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, మొగ్గలను తొలిచే శనగపచ్చ పురుగు కూడా నష్టం చేస్తాయి గాని వీటిని కంటితో సులువుగా పోల్చుకోవచ్చు. తొలి దశలో పట్టుకుంటే అదుపు చేయడం కూడా అంత కష్టం కాదు.

2021 నాటి మిరప అనుభవం

మితిమీరిన పిచికారీ ఎక్కడికి దారితీస్తుందో చూడడానికి పూల రైతులు దూర దేశాలకు వెళ్లనక్కరలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మిరప తోటలలో విజృంభించిన నల్ల తామర పురుగు మూలతః పూలలో నివసించే పురుగు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ జాతిని మన దేశంలో తొలిసారి 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయిపై నమోదు చేశారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే గ్రీస్‌లో గార్డెనియా మొక్కలపై, యూరప్ గ్రీన్‌హౌస్‌లలో అలంకరణ మొక్కలపై ఇది కనిపించింది. మిరపలో కూడా ఇది ఆకులకన్నా పూలలోనే గుంపులుగా చేరి పూత రాల్చింది.

ఆ సంవత్సరం గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల రైతులు రెండు మూడు రోజులకొకసారి, రెండు మూడు మందులు కలిపి పిచికారీ చేసినా పురుగు లొంగలేదు. పెట్టుబడి పెరిగింది, పంట దక్కలేదు. వరుస పిచికారీలతో మిత్ర పురుగులు నశించడం ఉద్ధృతికి తోడ్పడిన కారణాలలో ఒకటని శాస్త్రవేత్తలు వివరించి, ఇష్టారాజ్యంగా మందులు కలపవద్దని, నీలి జిగురు అట్టలు, వేప సంబంధిత మందులు, శిలీంధ్ర ఆధారిత జీవ మందులు వాడవలసిందిగా సూచించారు. జెర్బెరా, చామంతి, బంతి వంటి పూలు కూడా ఈ పురుగుకు ఇష్టమైనవే. మిరప పొలాల నడుమ పూల తోట వేసే రైతు ఈ సంగతిని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

పాత కరపత్రాలను పక్కన పెట్టాలి

పాత్రికేయులు, మండల స్థాయి అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటుంది. 1990లలోను, 2000 తరువాతి దశాబ్దంలోను వెలువడిన పూల సాగు కరపత్రాలు, పుస్తకాలు ఇంకా చేతులు మారుతున్నాయి. వాటిలో నల్లికి డైకోఫాల్, మొగ్గ పురుగుకు ఎండోసల్ఫాన్, పాలీహౌస్‌లో డైక్లోరోవాస్, దుంపలు నాటే చాళ్లలో ఫోరేట్ గుళికలు, రసం పీల్చే పురుగులకు మోనోక్రోటోఫాస్ లేదా ఫాస్ఫామిడాన్ అని రాసి ఉంటుంది. ఆనాడు అవి చట్టబద్ధమైన సిఫారసులే. నేడు కావు.

ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆదేశం నిలిపివేసింది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 మందులపై నిషేధ ఉత్తర్వు జారీ చేసింది. మిథైల్ పారాథియాన్, ఫెంథియాన్, కార్బరిల్ వంటివి వెంటనే, డైక్లోరోవాస్, ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రయాజోఫాస్ వంటివి 2020 డిసెంబరు 31 నుంచి నిలిచిపోయాయి. డైకోఫాల్, మెథోమిల్‌లను 2023 నాటి ఉత్తర్వు నిషేధించింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణంపై కూడా అదే ఉత్తర్వులో వేటు పడింది. కనుక పూల సాగుపై శీర్షిక రాసేవారు, రైతు సదస్సులో కరపత్రం పంచేవారు పాత ప్రతిని యథాతథంగా వాడితే నిషిద్ధ మందును సిఫారసు చేసినట్లవుతుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం ప్రతి మందు కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదు కావాలి. నమోదు సమయంలోనే ఏ పంటపై ఏ పురుగుకు, ఎంత మోతాదులో వాడవచ్చునో నిర్ణయించి లేబులుపై ముద్రిస్తారు. వరి, పత్తి, మిరపలకు ఇటువంటి మందులు డజన్ల కొద్దీ ఉన్నాయి. పూలకు మాత్రం వేళ్లపై లెక్కించదగినన్నే. గులాబీపై ఎర్ర నల్లికి అబామెక్టిన్ అటువంటి కొద్ది మందులలో ఒకటి. పూల మార్కెట్టు చిన్నది కనుక ఒక్కొక్క పూవుకు ప్రత్యేకంగా పరీక్షలు జరిపించి నమోదు చేయించడానికి కంపెనీలు ముందుకు రావు. ఫలితంగా రైతు తోటలో వాడే మందులలో చాలా భాగం మరొక పంట పేరుతో కొన్నవే. ఈ ఖాళీ పూరించనిదే లేబులు చదివి వాడండి అనే సలహాకు పూల రైతు విషయంలో పూర్తి అర్థం ఉండదు.

పేరు మారింది, మందు మారలేదు

మందుల దుకాణంలో రైతుకు కనిపించేవి వ్యాపార నామాలు. ఈ వారం ఒక డబ్బా, వచ్చే వారం మరొక డబ్బా తెచ్చి మందు మార్చి వాడుతున్నానని అతడు నమ్ముతాడు. రెండింటిలోను ఉన్నది ఒకే రసాయనం, లేదా ఒకే వర్గానికి చెందిన రెండు రసాయనాలు అయితే పురుగు దృష్టిలో మందు మారనట్లే. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయామెథాక్సామ్ మూడూ ఒకే విధంగా కీటకపు నాడీ వ్యవస్థపై పనిచేస్తాయి. ఒకదానిని తట్టుకున్న తెల్లదోమ రెండవదానిని కూడా చాలావరకు తట్టుకుంటుంది. మార్చవలసింది పేరును కాదు, పనిచేసే విధానాన్ని. తామర పురుగుకు ఒక విడతలో ఫిప్రోనిల్ వాడితే తరువాతి విడతలో స్పైనోసాడ్ వాడడం నిజమైన మార్పు. నల్లికి ఒకసారి అబామెక్టిన్, మరొకసారి ప్రొపర్గైట్, మరొకసారి స్పైరోమెసిఫెన్ వాడడం కూడా అటువంటిదే.

పూల పంటలకు సాధారణంగా సూచించే మోతాదులలో లీటరు నీటికి ఫిప్రోనిల్ 5 శాతం ద్రావణం 2 మిల్లీలీటర్లు, స్పైనోసాడ్ 45 శాతం ద్రావణం 0.3 మిల్లీలీటరు, ఎసిటామిప్రిడ్ పొడి 0.2 గ్రాము, అబామెక్టిన్ 1.9 శాతం ద్రావణం 0.5 మిల్లీలీటరు, నీటిలో కరిగే గంధకం 3 గ్రాములు ఉన్నాయి. స్థానిక ఉద్యాన అధికారి సూచన, డబ్బాపై లేబులు వీటికన్నా ముందు లెక్కలోకి రావాలి. ఈ అంకెలలో గమనించవలసినది వాటి సూక్ష్మత. 15 లీటర్ల స్ప్రేయరుకు స్పైనోసాడ్ నాలుగున్నర మిల్లీలీటర్లు చాలు. తోటలో మాత్రం సీసా మూతే కొలత. ఒక్కొక్క సీసా మూత ఒక్కొక్క పరిమాణంలో ఉంటుంది కనుక మోతాదు తెలియకుండానే రెండింతలు, మూడింతలు అవుతుంది. మందుల సీసాతో పాటు చిన్న కొలపాత్ర ఇప్పించడం కంటె చవకైన విస్తరణ కార్యక్రమం మరొకటి ఉండదనిపిస్తుంది.

కోతపూలకు మాత్రమే వర్తించే మరికొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. పొడి మందులు విచ్చిన రేకులపై తెల్లని మరకలను మిగుల్చుతాయి. నూనె ఆధారిత మందులు ఎండవేళ రేకులను మాడ్చుతాయి. గంధకం 32 డిగ్రీలు దాటిన వేడిలో ఆకును కాల్చుతుంది, నూనె మందు కొట్టిన కొద్ది రోజులలోపు గంధకం వాడినా అదే ప్రమాదం. కనుక మొగ్గ రంగు చూపక ముందే, సాయంత్రం చల్లబడిన తరువాత, సన్నని తుంపర వచ్చే నాజిల్‌తో ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. కోతకు వచ్చిన పూలను ముందే కోసి వేరు చేసుకోవడం ఉత్తమం.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవలసి ఉంది. నేటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకు నమూనా పైరిథ్రమ్ అనే పూవు, చామంతికి దగ్గరి చుట్టం. దాని ఎండిన పూల పొడిలోని సహజ విషాన్ని చూసి రసాయన శాస్త్రవేత్తలు ఈ మందులను రూపొందించారు. అదే మందు ఇప్పుడు చామంతి తోటలో నల్లిని పెంచిపోషిస్తున్నది.

కోసే చేతుల సంగతి

పురుగుమందుల గురించిన వార్తలు ఎక్కువగా తినేవారి చుట్టూ తిరుగుతాయి. పూవును ఎవరూ తినరు గనుక ఈ పంట వార్తలలోకి రాదు. తోటలో తిరిగేవారు, అందులోను మహిళా కూలీలు, మందుకు అందరికన్నా దగ్గరగా ఉంటారు.

మందు పిచికారీ చేసిన తోటలోకి ఎంత వ్యవధి తరువాత ప్రవేశించవచ్చునో లేబులుపై సూచన ఉంటుంది. వరి చేనులో రెండు రోజులు అడుగుపెట్టకపోయినా నష్టం లేదు. గులాబీ తోటలో కోత ప్రతిరోజూ, వేసవిలో రోజుకు రెండుసార్లు కూడా జరగాలి, ఒక్క పూట ఆగితే మొగ్గ విచ్చి ధర పడిపోతుంది. అందుచేత సాయంత్రం మందు, ఉదయం కోత అనే వరుస నడుస్తున్నది. పాలీహౌస్‌లో గాలి కదలిక తక్కువ కావడంతో మందు ఆవిరి త్వరగా పోదు. గులాబీ ముళ్లు చేతికి చేసే గీతలు మందుకు తెరచిన ద్వారాలు. జెర్బెరాను కత్తితో కోయరు, కాడను చేతితో పట్టి లాగుతారు, కనుక పూవంతా అరచేతికి తగులుతుంది.

ఈ ప్రభావం తోటతో ఆగదు. బెల్జియం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో గులాబీ, జెర్బెరా, చామంతి గుత్తుల 90 నమూనాలను పరీక్షించగా 107 రకాల పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. గుత్తులు కట్టే దుకాణదారుల చేతి తొడుగులను కూడా ఆ బృందం పరీక్షించింది, వాటిపైనా అవే మందులు కనిపించాయి. కఠినమైన నిబంధనలున్న యూరప్‌లో పరిస్థితి అది. మన పూర్ణా మార్కెట్టులో తెల్లవారుజామున పూలు విడదీసే చేతులకు తొడుగు ఉండదు, దారం తెంపడానికి పళ్లను వాడే అలవాటు కూడా మామూలే.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో పిచికారీ చేస్తూ 20 మందికి పైగా మరణించారు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వం విదర్భలోని కొన్ని జిల్లాలలో అయిదు మందుల అమ్మకాన్ని 60 రోజులపాటు నిలిపివేసింది. చట్టంలోని 27వ విభాగం రాష్ట్రాలకు ఇచ్చే అధికారం అంతటి స్వల్పకాలికమైనదే. అలా నిలిపిన వాటిలో డయాఫెంథియురాన్, ఫిప్రోనిల్ ఇమిడాక్లోప్రిడ్‌ల మిశ్రమం ఉన్నాయి. తెల్లదోమ, తామర పురుగుల కోసం పూల తోటలలో వాడేవి కూడా ఈ రసాయనాలే.

డబ్బాపై ఉండే రంగు త్రికోణం అక్షరజ్ఞానం లేనివారికి కూడా ఉపయోగపడేందుకు ఏర్పాటైన గుర్తు. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాతి వరుసలో పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నది ప్రమాదరహితమని అర్థం కాదు, మిగిలిన వాటికన్నా తక్కువ విషం గలదని మాత్రమే. మందు కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కోసేవారికి కనీసం మోచేతి వరకు తొడుగులు సమకూర్చాలి. ఆర్గానోఫాస్ఫేట్ మందు సోకినవారిలో చెమట, చొంగ, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నదిగా మారడం కనిపిస్తాయి. అటువంటివారి దుస్తులు తొలగించి, సబ్బునీటితో ఒళ్లు కడిగి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. వెంట మందు డబ్బాను గాని, దాని లేబులును గాని తీసుకువెళ్లడం మరువరాదు. వైద్యుడు ఇచ్చే విరుగుడు ఆ లేబులుపైనే ఆధారపడుతుంది. ఎట్రోపిన్ ఒక వర్గపు మందుకే పనిచేస్తుంది, పైరిథ్రాయిడ్‌కు, ఫిప్రోనిల్‌కు కాదు.

మందుకు ముందు చేయవలసినవి

పాలీహౌస్ పక్కలకు, గాలి వచ్చే మార్గాలకు 40 లేదా 50 మెష్ వల బిగించడం, రెండు తలుపుల ప్రవేశద్వారం ఏర్పాటు చేయడం అన్నవి ఒకసారి పెట్టే ఖర్చు. తామర పురుగుకు నీలి జిగురు అట్టలు, తెల్లదోమకు, ఆకుతొలుచు ఈగకు పసుపు అట్టలు వేలాడదీస్తే పురుగు రాక ముందుగానే తెలుస్తుంది. క్యాలెండరు స్థానంలో ఈ అట్టపై లెక్క రావాలి. కోయకుండా వదిలేసిన, పాడైన పూలను తోటలోనే పారవేయడం చాలా చోట్ల కనిపించే అశ్రద్ధ. తామర పురుగుకు అంతకు మించిన నర్సరీ లేదు. వాటిని సంచిలో మూటకట్టి బయట పూడ్చివేయాలి. వేప గింజల కషాయం, వేపనూనె తొలి దశలో పురుగు తిండిని, గుడ్లు పెట్టడాన్ని తగ్గిస్తాయి గాని ఉద్ధృతి ముదిరిన తరువాత వాటినే నమ్ముకోవడం తగదు.

కెన్యా, నెదర్లాండ్స్ గులాబీ తోటలలో ఎర్ర నల్లిని తినే మరొక నల్లిని పెంచి వదలడం ఇప్పుడు సాధారణ పద్ధతి. అక్కడి రైతులు కేవలం పర్యావరణ ప్రీతితో దీనిని చేపట్టలేదు. మందులకు నల్లి లొంగకపోవడం, కొనుగోలుదారులు అవశేషాల లెక్క అడగడం వారిని అటు నడిపించాయి. మిత్ర నల్లిని వదిలిన తోటలో పైరిథ్రాయిడ్ ఒక్కసారి కొట్టినా శ్రమంతా వృథా అవుతుంది కనుక మందుల ఎంపిక కూడా దానికి అనుగుణంగా మారింది. మన రాష్ట్రంలో వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, కడియం వద్ద వేమగిరిలో ఉన్న పుష్ప పరిశోధనా డైరెక్టరేట్ ప్రాంతీయ కేంద్రం ఈ దిశలో రైతులకు దగ్గరగా ఉన్న సంస్థలు.

మన్యం విషయంలో మొక్కల ఎంపిక మొదటి మెట్టు. తామర పురుగు, నల్లి, ఆకుతొలుచు పురుగు కొండ ఎక్కేది ఎక్కువగా నారుతో, దుంపలతోనే. బయటి నుంచి తెచ్చిన మొక్కలను వెంటనే తోటలో నాటకుండా రెండు మూడు వారాలు విడిగా ఉంచి, భూతద్దంతో పరీక్షించి, ఆ తరువాతే నాటుకోవాలి. విదేశీ మొక్కల దిగుమతికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు పరీక్షలను విధిస్తున్నది. విశాఖ ఓడరేవుకు అనుబంధంగా క్వారంటైన్ కేంద్రం కూడా పనిచేస్తున్నది. దేశం లోపల ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు లారీపై వచ్చే నారుకు మాత్రం అటువంటి తనిఖీ ఉండదు. ఆ పని రైతు, ఉద్యాన సిబ్బంది కలిసి చేయవలసినదే.

తేనెటీగల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌లను ఆరుబయట పంటలలో నిషేధించడానికి కారణం తేనెటీగలే. మన్యంలో తేనెపట్టులపై ఆధారపడిన గిరిజన కుటుంబాలున్నాయి. ఆరుబయట గ్లాడియోలస్, చామంతి సాగుచేసే చోట పూత సమయంలో, ఉదయపు వేళలో ఈ మందులు కొట్టకుండా చూడడం, తేనె సేకరించేవారికి ముందుగా తెలియజేయడం స్థానిక ఉద్యాన సిబ్బంది బాధ్యతలలో చేరవలసి ఉన్నది. ఖాళీ మందు డబ్బాలను గెడ్డలలో కడగడం, నీళ్లు పట్టుకోవడానికి వాడడం వంటివి పూర్తిగా మానివేయాలి. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి, డబ్బాకు రంధ్రాలు చేసి, నీటి వనరులకు దూరంగా పూడ్చిపెట్టవలసిందిగా అధికారులు రైతులకు తెలియజేయాలి.